ఇసుక యేటి పరిగెలు

తెలుగులో ‘పరిగె’ అనే మాటకు రెండర్థాలున్నవి. కోత ముగిసి, పనలు కట్టి, కుప్ప వేసిన తరువాత మడిలో రాలి మిగిలిన వెన్నులను పరిగె అంటారు. వాటిని ఏరుకొనే హక్కు పేదరాలిది. ఆసామి కాదనడు, కాదంటే ఊరు మెచ్చదు. వాగులలో, చెరువులలో, పంటకాలువలలో వెండిరేకువలె తళుక్కుమనే బెత్తెడు లోపు చేపను కూడ పరిగె అంటారు. ఈ రెండు మాటలు ఒకే వేరున పుట్టినవో, నడిదారిలో కలిసినవో తేల్చడం నిఘంటుకారుల పని. మా మటుకు మాకు అవి చుట్టాలుగానే తోస్తున్నవి. ఒకటి మడి మిగిల్చినది. మరొకటి ఏరు మిగిల్చినది. తూకం వేసేవాడు రెండింటినీ లెక్కలోనికి తీసుకొనడు. లేనివాని ముంతలోనికి మాత్రం రెండూ చేరినవి.

ఈ వ్యాసంలో మేము రెండవ పరిగెను గురించి వ్రాయదలచినాము. మా కళాశాల సంచికలో చేపను గురించి తెలుగు అధ్యాపకులు వ్రాయడమేమని కొందరు నవ్వవచ్చును. చదివిన తరువాత నవ్వవలసినదిగా మనవి.

ఉదయగిరి, ఆత్మకూరు సీమలను మన జిల్లాలో మెట్ట అంటారు. నెల్లూరు అనగానే బయటివారికి వరిమాగాణి జ్ఞప్తికి వస్తుంది. ఆ మాగాణి తూర్పున, పెన్న కాలువల కింద ఉన్నది. పడమట వెలిగొండల పాదాన ఉన్నది మరొక లోకం: గుట్టలు, చిల్లచెట్లు, ఎర్రగరుసు, ఆకాశం వంక చూచే కళ్ళు. పెన్నానది కర్ణాటకలోని నందికొండలలో పుట్టి, అనంతపురం, కడప సీమల ఎండుభూములగుండా నడిచి, సోమశిల దగ్గర కొండలను చీల్చుకొని మన జిల్లాలో ప్రవేశిస్తుంది. దాని నడక మొత్తం 597 కిలోమీటర్లు. బొగ్గేరు, బీరాపేరు వంటివి ఈ మెట్ట నీటిని మోసుకొనిపోయి పెన్నలో కలుపుతవి. మన వానలలో ఎక్కువ భాగం అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనంతో వస్తుంది. ఆ మూడు నెలలు దాటినచో ఈ యేళ్ళు నీటిని విడిచి ఇసుకను కప్పుకొంటవి. భూగోళ గ్రంథాలు వీటిని ఎడారి నదులు అనవు. కాని మే నెలలో బొగ్గేటి నడుమ నిలబడినవానికి ఆ గ్రంథాల మాట నమ్మడం కష్టం.

అటువంటి ఇసుక యేటిలో అంగుళం, రెండంగుళాల చేప ఎట్లు బ్రతుకుతుంది? ఈ ప్రశ్న మాకు తరగతి గదిలో పుట్టినది.

మేము ప్రబంధ పాఠం చెప్పేటప్పుడు ‘బేడిసకన్నులు’ అనే ప్రయోగం తరచుగా వస్తుంది. బేడిస అంటే ఏమిటని అడిగితే విద్యార్థులు తడుముకొనకుండా ‘ఒక విధమైన చేప సార్’ అంటారు. పరీక్షలో ఆ జవాబుకు మార్కులు వస్తవి. కాని కవి ఆ ఉపమానాన్ని ఎందుకు ఎన్నుకొన్నాడు? కన్ను చేప ఆకారంలో ఉంటుందని మాత్రమే కాదు. బేడిస నిశ్చలంగా ఉండదు. లోతులేని తేటనీటిలో ఒక్క క్షణం తిరిగి, వెలుగును పట్టి, మరుక్షణం మాయమవుతుంది. చంచలమైన చూపునకు అంతకంటె తగిన పోలిక లేదు. ఈ సంగతి తెలియవలెనంటే ఆ చేపను నీటిలో చూడవలెను. మేము ఒక ఏడు తరగతిలో ‘మీలో పరిగె పిల్లను వాగులో చూచినవారెవరు?’ అని అడిగినాము. నలభైమందికి పైగా ఉన్న గదిలో చేతులెత్తినవారు నలుగురు. ఆ నలుగురూ వాగు గట్టున పుట్టినవారే. తక్కినవారికి చేప అంటే సంతలో ముక్కలు కోసి తూచి ఇచ్చే బొచ్చె, శీలావతి.

బేడిసకు సంస్కృతంలో శఫరి, శఫరము అని పేరు. సుభాషితకారులు శఫరిని చిన్నచూపు చూచినారు. కొద్ది నీటిలో ఎగిరెగిరి పడే అల్పునికి దానిని సామ్యం చెప్పినారు. కాని భాగవతం అష్టమ స్కంధంలో శఫరికి దక్కిన గౌరవం మరి ఏ చేపకూ దక్కలేదు. ద్రవిడదేశపు రాజు సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం విడుస్తూ ఉండగా ఒక చిన్న శఫరి అతని దోసిటిలోనికి వస్తుంది. నదిలో విడిచిపెట్టబోతే, పెద్దచేపలు తనను మింగుతవని, కాపాడుమని వేడుకొంటుంది. మత్స్యావతార కథకు ఇది మొదలు. ఈ కథను బోధించేటప్పుడు అందరూ తరువాతి ప్రళయాన్ని, ఓడను, వేదోద్ధరణను వివరిస్తారు. మాకు నచ్చినది ఆ మొదటి ఘట్టం. దోసిటిలోని జీవి వలన తనకేమి లాభమని రాజు విచారించలేదు. కమండలువులో నీరుపోసి దానిని అందులో ఉంచినాడు.

1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండు వైద్యుడు గంగానది చేపలపై గ్రంథం ప్రచురించినాడు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు పుంటియస్ సోఫోర్ అని పిలిచే పరిగెకు ‘సోఫోర్’ అని పేరు పెట్టినవాడు ఆయనే. ఆ పేరులో మన శఫరి చప్పుడు వినబడుతూనే ఉన్నది. తోక మొదట నల్లని చుక్క ఉండే ఈ చిన్నచేప అటు పురాణంలోను, ఇటు విజ్ఞానశాస్త్రంలోను ఒకే పేరుతో ఈదుతున్నదన్నమాట.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాము. 2002 సంవత్సరపు కరువు మా తరంవారికి గుర్తుండే ఉంటుంది. మేము అప్పటికి పిల్లలము. చెరువులలో బురద సైతం పెళ్లలు పెళ్లలుగా పగిలి, ఆ నెరియలలో మా చేతులు మోచేతి వరకు దిగేవి. తరువాత ఎప్పుడో మంచి వాన కురిసి, చెరువునకు నీరు చేరి, పక్షం రోజులు గడవక ముందే ఆ నీటిలో పరిగెపిల్లలు మెరిసినవి. ఆ చేపలు ఎక్కడినుండి వచ్చినవి? పెద్దలను అడిగితే మూడు జవాబులు దొరికినవి. వానతోపాటు ఆకాశంనుండి పడినవని ఒకరు. గుడ్లు బురదలో నిద్రించి, నీటి చెమ్మ తగలగానే లేచినవని మరొకరు. మా నానీమా మాత్రం ‘అల్లా కుద్రత్ బేటా’ అని ఊరుకొన్నది. ఆమె జవాబును ఎవరూ కాదనలేరు గాని, ఆ కుద్రత్ ఏ దారిన నడిచినదో తెలిసికొనడం మానవుని విధి గదా!

ఈ ప్రశ్నను మేము పెద్దవారమైన పిమ్మట ఒక జంతుశాస్త్ర అధ్యాపక మిత్రుని ముందు పెట్టినాము. ఆయన చెప్పినది ఇది. ఎండిన మట్టిలో గుడ్లు నెలల తరబడి బ్రతికే చేపలు లోకంలో లేకపోలేదు. తూర్పు ఆఫ్రికాలోని మొజాంబిక్, టాంజానియా దేశాల వానగుంటలలో కిల్లీఫిష్ అనే చిన్నచేపలు ఆ విధంగానే వంశం నిలుపుకొంటవి. కాని మన పరిగెకు ఆ విద్య లేదు. దాని గుడ్డు నీటిమొక్కకు అంటుకొని కొద్దిరోజులలోపే పొదగవలెను, ఎండితే చచ్చినట్లే. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి వంటివి గాలి పీల్చగలవు కనుక చిత్తడి బురదలో కొంతకాలం తాళుకొంటవి. పరిగెకు ఆ వరమూ లేదు. దానికి నీరు కావలెను. కొద్దిదే కావచ్చును, తేటది కాకపోవచ్చును, కాని కావలెను.

అయితే ఆ నీరు ఎక్కడ? ఈ జవాబు మాకు పుస్తకంలో దొరకలేదు. బొగ్గేటి ఒడ్డున ఊత పట్టుకొని వచ్చిన ఒక యానాది వృద్ధుని వద్ద దొరికినది. కొందరు విద్యార్థులతో కలిసి మేము ఒక వేసవి ఉదయం ఏటివెంట నడుస్తూ ఉండగా ఆయన ఎదురైనాడు.

“పెద్దాయనా, ఏరంతా ఎండిపోయినది గదా, ఊత ఎందుకు?” అన్నాము.

“ఏరు ఎండితే మడుగు ఎండుతాదా అయ్యా?” అన్నాడు.

మమ్ములను ఒక మలుపు దాటించి తీసికొనిపోయినాడు. అక్కడ ఏరు ఒక పెద్ద బండను ఒరుసుకొని తిరుగుతుంది. వరద వేగానికి బండ పాదాన గొయ్యి పడినది. ఆ గోతిలో మంచమంత వెడల్పున, నడుము లోతున నీరు. పైన కానుగ నీడ. చుట్టూ మైలు దూరం ఇసుక కాగుతూ ఉంటే ఆ నీరు చల్లగా ఉన్నది. వంగి చూస్తే లోపల వందలకొద్ది పరిగెలు, ఒకే దిక్కుకు ముఖం పెట్టి నిలిచి ఉన్నవి. మా నీడ పడగానే ఒక్కసారి తిరిగినవి. ఆ తళుకు చూచిన ఒక విద్యార్థిని “సార్, బేడిసకన్నులు!” అన్నది. ఆ రోజు పాఠం అంతటితో ముగిసినది.

“ఈ మడుగులో ఊత వెయ్యను” అన్నాడు వృద్ధుడు. “ఇవి విత్తనం. కింద మడుగులో కొర్రమీనుంటే చూసుకుంటా.”

విత్తనమనే మాట విన్న తరువాత మాకు సంగతి అంతా బోధపడినది. వాన కురిసి వాగు పారినప్పుడు ఈ మడుగులోని చేపలు కొత్తనీటి వాసన పట్టి ఏటికి ఎదురెక్కుతవి. వంకలలోనికి, పొలాల కాలువలలోనికి, చెరువు కలుజుమీదినుండి దూకే నీటికి ఎదురుగా పాకి చెరువులలోనికి చేరుతవి. అక్కడి గడ్డిలో గుడ్లు పెడతవి. పక్షం రోజులలో ఊరిపిల్లలు వాటిని చూచి ఆకాశంనుండి పడినవనుకొంటారు. అవి ఆకాశంనుండి పడలేదు. కడపటి మడుగులోనుండి వచ్చినవి. కహఫ్ అధ్యాయంలో మూసా ప్రవక్త ప్రయాణంలో, రెండు సముద్రాలు కలిసే చోట ఒక చేప నీటిలో దారి చేసికొని పోతుంది. ఆ చేప పోయిన తావుననే ఆయన వెదకుతున్న జ్ఞాని కనిపిస్తాడు. మాకు కూడ ఆ ఉదయం అటువంటిదే జరిగినదనుకొంటాము.

మరి ఆ మడుగునకు వేసవిలో నీరు ఎక్కడిది? చెలమ తవ్వినవారికి ఈ సంగతి తెలుసును. ఏటి ఇసుక ఉత్త ఇసుక కాదు. అది వరదనీటిని తాగి దాచుకొనే గాదె. పైన కాళ్ళు కాలుతూ ఉన్నా రెండు మూడు అడుగుల కింద తడి ఉంటుంది. ఆ ఊటయే ఎగువనుండి మెల్లగా దిగి మడుగును నింపుతుంది. ఇసుకను లోతుగా తోడివేస్తే గాదె ఖాళీ అవుతుంది, ఊట దిగువకు జారుతుంది, మడుగు ఎండుతుంది. ఏటిగట్టున శక్తివంతమైన మోటార్లు పెట్టి రేయింబవళ్లు తోడినా అదే ఫలం. మన రాష్ట్రంలో నీరు, నేల, చెట్ల రక్షణకు 2002లోనే చట్టం వచ్చినది. భూగర్భజలానికి హాని కలిగించే ఇసుక తవ్వకాన్ని అది నియంత్రిస్తుంది. చట్టం పుస్తకంలో ఉన్నది. మడుగు ఏటిలో ఉన్నది. ఈ రెండింటికీ నడుమ దూరం కొన్ని చోట్ల చాల ఎక్కువ.

పరిగె ప్రపంచంలో అంతరించిపోతున్న జాతి కాదు. మన దేశంలో చాలచోట్ల ఉన్నది. పొరుగు దేశాలలోను ఉన్నది. అందువలన దీనికోసం ఎవరూ కన్నీరు కార్చనక్కరలేదని కొందరంటారు. కాని ఒక జీవి లోకంనుండి పోవడం ఒకటి, ఒక ఊరినుండి పోవడం మరొకటి. ఊళ్ళనుండి ఒక్కొక్కటిగా పోకుండా ఏ జాతియూ లోకంనుండి పోలేదు.

దీనికి దూరదేశపు నిదర్శనం ఒకటి చెప్పుతాము. అమెరికాలోని అరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాలలో హీలా అనే నది ఎడారిగుండా పారుతుంది. దానిలో స్పైక్‌డేస్, లోచ్ మిన్నో అనే రెండు చిన్నచేపలు ఉన్నవి. రెండూ మన పరిగెకు దూరపు దాయాదులు, మూడంగుళాలు మించవు. 1856లో శాస్త్రజ్ఞుడు గిరార్డ్ వీటిని లోకానికి పరిచయం చేసినాడు. అప్పట్లో ఇవి హీలా పరీవాహక ప్రాంతంలో విస్తారంగా ఉండేవి. తరువాత ఆనకట్టలు, కాలువలు, మోటార్లు వచ్చినవి. దిగువ హీలా ఏటిలో ఎక్కువ భాగం ఎండినది. బయటినుండి తెచ్చి వదలిన చేపలు మిగిలినచోట్ల వీటిని తరిమినవి. 1986లో ఈ రెండింటినీ ప్రమాదంలో ఉన్న జాతులుగాను, 2012లో అంతరించే దశలో ఉన్న జాతులుగాను అక్కడి ప్రభుత్వం ప్రకటించినది. ఇప్పుడు అవి ఎగువనున్న కొద్దిపాటి పాయలలో మాత్రమే మిగిలినవి.

వాటినిగూర్చి చదివినప్పుడు మమ్ములను ఆకర్షించిన విషయం మరొకటి ఉన్నది. ఎడారి నదికి కరువెంత సహజమో వరద అంత సహజం. హఠాత్తుగా గోడవలె వచ్చే వరదలో బయటినుండి వచ్చిన చేపలు కొట్టుకొనిపోతవి. అక్కడ పుట్టిన చిన్నచేపలు గట్టు వారగా తలదాచుకొని నిలుస్తవి. వేల ఏళ్లుగా ఆ ఏటి కోపం వాటికి తెలుసును. అంటే ఆ చేపలను చంపినది కరువూ కాదు, వరదా కాదు. ఆ రెండింటినీ తట్టుకొనుటకు ఆధారమైన తావులు పోవడమే.

మనకు కూడ వరదలు కొత్త కావు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదను ఆత్మకూరు ప్రాంతంవారు మరువలేరు. కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట ఆ నెల 19న తెగిపోయినది. సోమశిల వద్ద నీరు ఆలయాన్ని సైతం దెబ్బతీసినది. మనుషులు, పశువులు, ఇళ్ళు నష్టపోయిన ఆ సమయంలో చేపల మాట ఎవరికి పడుతుంది? పట్టవలసినదని కూడ మేము అనము. కాని ఆ తరువాతి వేసవిలో మేము చూచిన మడుగులలో పరిగెలు ఉన్నవి. అంతటి వరద వాటిని తుడిచివేయలేకపోయినది.

సోమశిల జలాశయం మన సీమకు ప్రాణాధారం. 1970లలో పని మొదలై 1989 నాటికి పూర్తి అయిన ఈ కట్టడం 78 టి.ఎం.సి.ల నీరు పట్టగలదు. తెలుగుగంగ కాలువలద్వారా కృష్ణ నీరు శ్రీశైలంనుండి ఇక్కడికి వచ్చి, కండలేరు మీదుగా మద్రాసు పట్టణం దాహం తీరుస్తున్నది. అట్టి నిర్మాణాన్ని తప్పుపట్టేవారము కాము. ఆ నీటి విలువ మెట్టవానికి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే జలాశయం పెద్దచేపకు ఇల్లు. పరిగెకు కావలసినది పారే వాగు, లోతులేని అంచు, గడ్డి, ఎండాకాలపు మడుగు. పెద్ద నీరు వచ్చినదని చిన్న నీటిని మరువరాదని మాత్రమే మా మనవి.

మరొక ప్రమాదం మాటలోనే ఉన్నది. మత్స్యశాస్త్ర పాఠ్యగ్రంథాలలో పరిగెవంటి చిన్నచేపలకు ‘కలుపు చేపలు’ అని పేరు. చెరువులో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను వదిలే ముందు ఇప్పపిండి చల్లి కలుపుచేపలను చంపవలెనని వాటిలో వ్రాస్తారు. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలోని అంగుల్‌లో ఇంజక్షన్‌తో చేపలచేత గుడ్లు పెట్టించే పద్ధతిని సాధించిన తరువాత చేపల పెంపకం దేశమంతటా వ్యాపించినది. కోట్లమందికి తిండి, వేలమందికి జీవనోపాధి కలిగినది. ఆ మేలును కాదనలేము. కాని మాటల ఉపాధ్యాయులముగా మాకొక సందేహం. నిన్నటివరకు పరిగె అయినది నేడు కలుపు ఎట్లయినది? చేప మారలేదు. చూచే కన్ను మారినది. పరిగె అన్నప్పుడు ఏరుకొనేవాని కన్నుతో చూచినాము. కలుపు అన్నప్పుడు అమ్ముకొనేవాని కన్నుతో చూస్తున్నాము. దానికి తోడు 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, దోమలకోసం 1928లో తెచ్చిన గాంబూసియా మన నీళ్ళలో పాతుకొనిపోయి చిన్నచేపల గుడ్లను, పిల్లలను తింటున్నవి. దోమపిల్లలను తినే చిన్నచేపలు మన వాగులలో లేకనా అంత దూరంనుండి తెప్పించినది!

పరిగె వలన లాభమేమని అడిగేవారికి మా నానీమా వంటగదియే చాలిన జవాబు. ఆమె పరిగెలను బూడిదతో రుద్ది కడిగి, పసుపు, ఉప్పు, కారం పట్టించి, తల తోక తీయకుండ పెనంమీద కరకరలాడేటట్లు వేయించేది. కొన్నింటిని మామిడికాయతో పులుసు పెట్టేది. ముల్లుతోసహా నమిలి తినేవారము. ‘హడ్డీ ఖావ్, హడ్డీ బనేగీ’ అనేది. ఆమె బడిమెట్టు ఎక్కినది కాదు. చిన్నచేపలను ముల్లు, తల, కన్నులతోసహా తినడంవలన పేదపిల్లలకు సున్నము, ఇనుము, ఎ విటమిను లభిస్తవని బంగ్లాదేశ్‌లో పరిశోధించి నిరూపించిన శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్ అనే విదుషీమణికి 2021లో ప్రపంచ ఆహార బహుమానం లభించినది. ఆమె ట్రినిడాడ్ ద్వీపంలో పుట్టిన భారతసంతతి మహిళ. నానీమాకు ఈ వార్త వినిపించే భాగ్యం మాకు లేకపోయినది.

ఈ కుటుంబంలోనిదే మరొక చిన్నచేప, నీలపు చారలు గల జీబ్రాచేప, మన దేశపు వాగులలోనే పుట్టినది. దానికి కూడ 1822లో పేరు పెట్టినవాడు హామిల్టనే. ఈనాడు అది ప్రపంచపు ప్రయోగశాలలలో, హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో సైతం, వైద్యపరిశోధనకు సాధనమైనది. మనుష్యుని జన్యువులలో సుమారు నూటికి డెబ్బదింటికి దానిలో జోడు ఉన్నదని 2013లో తేల్చినారు. ముంతలో పట్టే చేప మనిషి రోగానికి మందు చెప్పునని ఎవరనుకొన్నారు?

మన నెల్లూరునకు ఈ విద్యలో ఒక చరిత్ర ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్దం నడుమ ఇక్కడ సివిల్ సర్జనుగా పనిచేసిన థామస్ జెర్డన్ 1849లో దక్షిణ భారతపు మంచినీటి చేపలపై మద్రాసు పత్రికలో వ్యాసం ప్రచురించినాడు. పక్షులపై ఆయన వ్రాసిన గ్రంథంలో తెలుగు పేర్లు చేర్చినాడు; అవి మన వేటగాండ్రు, జాలరులు చెప్పకుండ ఆయనకు తెలిసేవి కావు. పెన్నలోయలోని ముళ్ళపొదలలో తిరిగే కలివికోడి ఆయన పేరుతోనే లోకానికి తెలిసినది. 1900 తరువాత అది ఎవరికంటా పడక అంతరించినదనుకొన్నారు. 1986లో కడప జిల్లాలో మరల కనిపించినది. దానికోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడినది. అది మరల దొరుకుటకు కారణం కూడ ఆ పొదలు తెలిసిన స్థానికులే. పరిగెకు అభయారణ్యం ఎవరూ కట్టరు. కట్టనక్కరలేదు. ఏటికొక మడుగు మిగిల్చితే చాలును.

ఈ సందర్భంలో కళాశాల పాలకవర్గంవారికి మూడు మనవులు. ప్రతి వేసవి జాతీయ సేవాపథకం విద్యార్థులచేత ఆత్మకూరు, ఉదయగిరి మండలాల వాగులలో నీరున్న మడుగులను లెక్కించి, లోతు, చేపల పేర్లు వ్రాయించి, ఆ పుస్తకాన్ని గ్రంథాలయంలో భద్రపరచవలెను. ఆ పేర్లు తెలుగులో, ఉర్దూలో, యానాదుల నోట పలికే విధంగా, మూడు వరుసలలో ఉండవలెను; వృద్ధులు ఉన్నప్పుడే ఈ పని కావలెను. రెండవది, కళాశాల ఆవరణలోని నీటితొట్టెలో మన వాగుల చిన్నచేపలనే పెంచి, దోమపిల్లలను అవి ఎట్లు తింటవో విద్యార్థులకు చూపవలెను. మూడవది, వాగు ఉన్న ప్రతి పంచాయతీని ఒక్క మడుగును తవ్వకుండ, తోడకుండ విడిచిపెట్టుమని మన కళాశాల పేరిట కోరవలెను. వీటిలో దేనికీ పెద్ద ధనం అక్కరలేదు.

విద్యార్థులకు మా మాట ఇది. మీలో చాలమంది మొదటి తరం చదువరులు. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, పరీక్షలో మరొక భాష. పెద్ద నగరాలు, పెద్ద చదువులు మిమ్ములను పిలుస్తున్నవి, వెళ్ళండి, ఎదురెక్కండి. కాని కరువు వచ్చిన ఏడు తలదాచుకొన్న మడుగు ఏదో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండవలెను. మీకు అది ఒక బడి కావచ్చును, ఉదయగిరిలో నర్దికర్ర చెంచాలు చెక్కి మీ ఫీజు కట్టిన తల్లి చేతులు కావచ్చును, ఏ.ఎస్.పేట దర్గాలో అన్నం పెట్టిన అపరిచితుడు కావచ్చును. కోతనాడు పేదల భాగం తీసి ఇవ్వవలెనని మన ధర్మం చెప్పినది. మడిలో పరిగె విడువమని ఊరి నీతి చెప్పినది. ఏటిలో కూడ అంతే.

రానున్న వేసవిలో, ఏప్రిల్ నెల రెండవ ఆదివారం ఉదయం ఆరుగంటలకు, మేము బొగ్గేటివెంట నడవదలచినాము. రాదలచినవారు నీళ్ళసీసా, నోటుపుస్తకం తెచ్చుకొనవలెను. వలలు అక్కరలేదు.